సాఫ్ట్‌వేర్ టీములో ఎదగడం, టీమును నడపడం: నెల్లూరు, ప్రకాశం పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం నెల్లూరు వేదాయపాళెంలోని మా మేడ మీద పది పదిహేను మంది చేరతారు. కావలి, కోవూరు, కందుకూరు, సింగరాయకొండ, ఒంగోలు నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లలు. కొందరు చెన్నై, బెంగళూరు కంపెనీలకు ఇంటి నుంచే పని చేస్తారు. కొందరు పండగకో పెళ్లికో ఊరొచ్చినప్పుడు మా మేడ ఎక్కుతారు. నేను కందుకూరు దగ్గర పల్లెలో పుట్టాను. పదిహేడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఏడేళ్లుగా టీము నడుపుతున్నాను. వచ్చే మనుషులు మారినా అడిగే మాటలు మారడం లేదు. వారం మధ్యలో రాత్రి పదింటికి ఫోన్ చేసి అడిగేదీ అవే. అందుకని వాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి నా జవాబులు రాసి ఉంచుతున్నాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లండి.

## చేరిన మొదటి ఏడాది

అక్కా, చేరి మూడు నెలలైంది, ఏమీ అర్థం కావట్లా. నాకొక్కడికే ఇట్టా ఉందా?

అందరికీ ఉంటుంది. కాలేజీలో రాసిన ప్రోగ్రాం రెండొందల లైన్లుంటే గొప్ప. ఇక్కడ మీ ముందున్నది లక్షల లైన్ల కోడు, అదీ ఏళ్ల తరబడి ఎందరో వచ్చిపోతూ రాసింది. మూడు నెలల్లో అదంతా తలకెక్కదు, ఎక్కాల్సిన పని కూడా లేదు. ఒక్క దారి పట్టుకోండి. వాడే మనిషి బటన్ నొక్కిన దగ్గర్నుంచి డేటాబేస్‌లో ఒక వరుస చేరేదాకా ఆ పని ఏయే ఫైళ్ల గుండా పోతుందో కాగితం మీద గీసుకుంటూ వెళ్లండి. రెండు మూడు రోజులు పడుతుంది. ఆ కాగితం సీనియర్‌కి చూపించి ‘నాకు అర్థమైంది ఇది, ఎక్కడ తప్పాను?’ అనండి. నా టీములో చేరిన ప్రతివాళ్లకీ మొదటి పని ఇదే ఇస్తాను. ఆ బొమ్మలో తప్పులు దిద్దుతుంటే సీనియర్లకు కూడా తాము మరిచిపోయినవి గుర్తొస్తాయి.

ఎంతసేపు నేనే తంటాలు పడాలి? ఎప్పుడు అడగొచ్చు?

గంట. మనసు పెట్టి గంటసేపు ప్రయత్నించినా ఒక్క అడుగు ముందుకు పడకపోతే అడగండి. మన వైపు పిల్లలు మొహమాటంతో రెండు రోజులు పోగొట్టుకుంటారు. సోమవారం ఇరుక్కుంటారు, బుధవారం స్టాండప్‌లో (టీమంతా రోజూ కలిసే చిన్న మీటింగులో) కూడా ‘చేస్తున్నా’ అనే అంటారు, టీము నడిపే లీడ్‌కి సంగతి శుక్రవారం తెలుస్తుంది. సోమవారమే తెలిసుంటే పది నిమిషాల పని. శుక్రవారానికి అది క్లయింట్‌కి క్షమాపణ చెప్పుకునే పనిగా మారుతుంది.

అడిగే తీరు కూడా నేర్చుకోవాలి. ‘లాగిన్ రావట్లేదు, కొంచెం చూస్తారా’ అని పంపితే అవతలి మనిషి మొదట్నుంచీ తవ్వుకోవాలి. ఇట్టా రాయండి: ‘పాస్‌వర్డ్ మార్చిన యూజర్లకు మాత్రమే లాగిన్ ఆగిపోతోంది. కొత్త యూజర్లకు బాగానే ఉంది. టోకెన్ గడువు చూశాను, కాష్ చూశాను, తేడా లేదు. సెషన్ టేబుల్‌లో పాత వరుస చెరగడం లేదని అనుమానం. అది చెరిపే కోడు ఎక్కడుంది?’ ఇంత రాసేలోపు చాలాసార్లు జవాబు మీకే తట్టేస్తుంది. తట్టకపోయినా, అవతలివాళ్లు రెండు నిమిషాల్లో దారి చూపిస్తారు. ఇట్టా అడిగిన పిల్లవాణ్ని ఏ సీనియరూ విసుక్కోడు.

ఇంగ్లీషు తడబడుతుంది. మీటింగులో నోరు పెగలదు. ఏం చెయ్యను?

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి ఏడాదంతా ప్రతి మీటింగుకీ మూడు వాక్యాలు చీటీ మీద రాసుకుని వెళ్లేదాన్ని: నిన్న ఏం చేశాను, ఎక్కడ ఆగాను, ఎవరి దగ్గర్నుంచి ఏం కావాలి. చూసి చదివేదాన్ని. ఒక్కరు కూడా తప్పు పట్టలేదు. మీరూ అట్టాగే చెయ్యండి. ఎదుటివాళ్లు చెప్పింది అర్థం కాకపోతే మాత్రం తల ఊపొద్దు. ‘మీరు అడుగుతున్నది ఇదేనా’ అని మీకు వచ్చిన ఇంగ్లీషులోనే తిరిగి చెప్పండి. తల ఊపి వచ్చేసి తప్పు పని చేసుకొచ్చిన వాళ్లను చూశాను, వారం రోజుల కష్టం పోయింది.

ఇంకో మాట. కాల్‌లో ఉన్నదంతా తెలుగువాళ్లే అయితే హాయిగా తెలుగులో మాట్లాడుకోండి. కాని తేల్చుకున్న విషయాన్ని ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసి టీము అందరికీ పంపండి. లేదంటే తెలుగు రాని తోటి ఇంజినీరు మనలో ఒకడిగా ఉండలేడు.

మేనేజర్‌ను సార్ అనాలా, పేరు పెట్టి పిలవాలా?

ఆ ఆఫీసులో మిగతావాళ్లు ఏమంటే అదే. పేరు పెట్టి పిలవడానికి నోరు రాకపోతే తెలుగువాళ్ల దగ్గర ‘గారు’ చేర్చండి, బాగుంటుంది. గౌరవం పిలుపులో ఎట్టా ఉన్నా ఫరవాలేదు. ‘సార్ చెప్పారు కదా’ అని తప్పని తెలిసిన డిజైన్‌కి ఊఁ కొట్టడం మాత్రం గౌరవం అనిపించుకోదు.

నా కోడు మీద రివ్యూలో ఇరవై కామెంట్లు పెట్టారు. నేను పనికిరానా?

రివ్యూలో మీ కోడు చదివి ఇరవై కామెంట్లు పెట్టిన మనిషి మీ కోసం ముప్పావుగంట కూర్చున్నాడు. ఒక్క కామెంటూ లేకుండా ‘బాగుంది’ అని వదిలేసేవాళ్ల గురించి నాకు ఎక్కువ బెంగ.

ముందు కామెంట్లను వేరు చెయ్యండి. తప్పు జవాబు ఇచ్చే కోడు గురించినవి, తర్వాత చదివేవాళ్లకు అర్థం కాదన్నవి, ఆ రివ్యూ చేసినవాళ్ల అభిరుచివి. మొదటివి వెంటనే దిద్దండి. రెండోవాటిని వాదించకుండా దిద్దండి. ఎందుకంటే అర్థం కాలేదని చదివిన మనిషే చెబుతున్నప్పుడు అర్థమవుతుందని మీరెట్టా అంటారు? మూడోవాటి మీద మర్యాదగా మాట్లాడుకోవచ్చు. అయిదారు కామెంట్ల మీద వాదన సాగితే రాయడం ఆపి ఫోన్ చెయ్యండి. రాతలో కోపంగా కనిపించిన మనిషి గొంతులో మామూలుగా ఉంటాడు.

ఎవరో రాసి వదిలేసిపోయిన పాత కోడు నా నెత్తిన పడింది. మొత్తం తిరగరాసేయొచ్చా?

తిరగరాయాలనిపించడం సహజం. కాని తిరగరాయకుండా అందుకుని పూర్తిచెయ్యడం ఎట్టాగో మన ప్రాంతంలో ఏడు వందల ఏళ్ల కిందటే ఒకాయన చేసి చూపించాడు. 11వ శతాబ్దంలో నన్నయ ఆంధ్ర మహాభారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. 13వ శతాబ్దంలో మన నెల్లూరు తిక్కన ఆ సగం జోలికి పోకుండా విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలిన ఖాళీని 14వ శతాబ్దంలో, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన పూరించాడు. ఆయన తన శైలి చూపించుకోవాలని నన్నయ రాసిందాన్ని చెరిపేయలేదు. నన్నయ ధోరణిలో అందుకుని, పోను పోనూ తిక్కన ధోరణిలోకి తెచ్చి కలిపాడు. అంకితం కూడా నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడి పేరు మీదే ఉంచాడు. కాలేజీలో చదువుకున్నప్పుడు ఇది కవుల గొడవ అనుకున్నాను. నా చేతికి పదకొండేళ్ల నాటి బిల్లింగ్ కోడు వచ్చాక ఎర్రన చేసింది ఎంత కష్టమైన పనో తెలిసొచ్చింది.

మీరు చేయాల్సింది: ముందు ఆ కోడు ఇప్పుడు ఏం చేస్తోందో పట్టుకునే టెస్టులు రాయండి. అర్థంలేనిదిగా కనిపించే లైను వెనక ఎప్పటిదో ఒక క్లయింట్ ఇబ్బంది ఉంటుంది. గిట్ (కోడులో ప్రతి మార్పునూ దాచే సాధనం) చరిత్రలో ఆ లైను ఏ టికెట్ (పని చీటీ) కోసం వచ్చిందో చూడండి. మీరు ముట్టుకోవాల్సిన ఫైలునే, ఆ పద్ధతిలోనే, కొంచెం శుభ్రం చేసి వదలండి. ఏడాది అట్టా చేశాక కూడా తిరగరాయాలనే అనిపిస్తే, అప్పుడు మీ మాటకు బలం ఉంటుంది.

## రెండు నుంచి అయిదేళ్ల అనుభవంలో

ప్రొడక్షన్‌లో (జనం వాడుతున్న అసలు సిస్టంలో) తప్పు చేశాను. ఇంకా ఎవరికీ తెలియదు. చెప్పాలా?

చెప్పాలి, ఇప్పుడే. ఇది చదవడం ఆపి ముందు ఫోన్ చెయ్యండి.

నా మూడో ఏడాది సంగతి చెబుతాను. అప్పుడు పనిచేసిన కంపెనీలో టెస్ట్ డేటా చెరపడానికి ఒక స్క్రిప్ట్ రాసుకున్నాను. ఒక సాయంత్రం ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ కిటికీలు రెండు, టెస్ట్‌ది ఒకటి, అసలుది ఒకటి, పక్కపక్కన తెరిచి, తప్పు కిటికీలో ఎంటర్ కొట్టాను. చెరిగిన వరుసల సంఖ్య తెర మీద పడింది. టెస్ట్ డేటాలో అన్ని వరుసలు ఉండవని నాకు తెలుసు. చేతులు చల్లబడ్డాయి. తేరుకుని లీడ్ దగ్గరికి వెళ్లలేదు. నేనే తిరిగి పెట్టేద్దామని నలభై నిమిషాలు కూర్చున్నాను. ఆ నలభై నిమిషాల్లో మిగతా సిస్టం ఆ ఖాళీల మీదే కొత్త లెక్కలు కట్టుకుంటూ పోయింది. చివరికి చెప్పాక మా లీడ్ అడిగిన మొదటి ప్రశ్న ‘ఎన్నింటికి జరిగింది?’ అని. బ్యాకప్ నుంచి చెరిగిన వరుసలు తేవడానికి అరగంట పట్టింది. నా నలభై నిమిషాల్లో పుట్టిన తప్పుడు లెక్కలు దిద్దడానికి ముగ్గురికి రెండు రోజులు పట్టింది. చెరిపినందుకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ నలభై నిమిషాల గురించి మాత్రం లీడ్ నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు.

పెద్ద కంపెనీల్లోనూ జరుగుతుంది. 2017 జనవరి 31న, కోడు దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే చెరిపేశాడు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. వాళ్లు దాచలేదు. బాగు చేస్తున్నంతసేపూ ఏం చేస్తున్నారో అందరికీ కనిపించేలా రాస్తూ, యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపిస్తూ పని చేశారు. బ్యాకప్‌లు సరిగా పనిచేయడం లేదన్న సంగతి కూడా వాళ్లే బయటపెట్టారు.

చెప్పేటప్పుడు నాలుగు ముక్కలు చాలు: ఏం జరిగింది, ఎన్నింటికి, ఇప్పుడు ఏం ఆగింది, నేను ఏం ముట్టుకున్నాను. క్షమాపణలు తర్వాత.

‘ఎన్ని రోజులు పడుతుంది’ అంటే ఏం చెప్పాలో తెలియట్లేదు.

ఒకే అంకె చెప్పకండి. ‘అంతా సవ్యంగా ఉంటే మూడు రోజులు. ఆ పేమెంట్ సర్వీసు నేను ఎప్పుడూ ముట్టుకోలేదు, అక్కడ తేడా వస్తే వారం. రేపు సాయంత్రానికి అది చూసి గట్టిగా చెబుతాను’ అనండి. ఆ రేపు సాయంత్రం మాట తప్పకుండా చెప్పండి. ఎదుటివాళ్ల ముఖం చూసి అంకె తగ్గించొద్దు. కోడుతో పాటు టెస్టులకి, రివ్యూకి, డిప్లాయ్‌కి (జనం వాడేచోట పెట్టడానికి) పట్టే రోజులు కూడా లెక్కలో వేసుకోండి. చాలామంది వేసుకోరు.

నా పని నేను చక్కగా చేస్తున్నా, అప్రైజల్‌లో గుర్తింపు రావట్లా.

మీ మేనేజర్‌కి పది పన్నెండు మంది ఉంటారు. ఏప్రిల్‌లో మీరు చేసింది మార్చిలో ఆయనకు గుర్తుండదు. ప్రతి శుక్రవారం పది నిమిషాలు తీసుకుని ఒక నోట్‌బుక్‌లో ఆ వారం చేసింది మూడు లైన్లు రాయండి. ‘బగ్ సరిచేశాను’ అని కాదు, ‘రిపోర్ట్ తెరవడానికి 40 సెకన్లు పట్టేది, ఇప్పుడు 3’ అన్నట్టు. ఎవరికి సాయం చేశారో అదీ రాయండి. దాన్ని గొప్పలు చెప్పుకోవడం అనుకోవద్దు. పొగాకు రైతు కూడా పండిన పంటను వేలం కేంద్రానికి తానే తీసుకెళ్తాడు, కొనేవాడు చేనుకు వచ్చి వెతుక్కోడు.

అంతా రాసి చూపించినా గుర్తింపు రాకపోతే, మీ పని ఆ టీముకు ముఖ్యమైనది కాకపోవచ్చు. ‘ఈ ఏడాది టీముకు అన్నిటికంటే ముఖ్యమైన పని ఏది, అందులో నాకు భాగం ఎట్టా వస్తుంది’ అని సూటిగా అడగండి.

రెండేళ్లకోసారి కంపెనీ మారితేనే జీతం పెరుగుద్దంటారు, నిజమేనా?

మారితే ఒక్కసారిగా పెరగడం నిజమే. ఇంట్లో అప్పుంటే, చెల్లి పెళ్లుంటే మారండి, అందులో తప్పు లేదు. కాని ఒక లెక్క చూసుకోండి. మీరు తీసుకున్న డిజైన్ నిర్ణయం మంచిదో కాదో తేలడానికి రెండేళ్లు పడుతుంది. ప్రతిసారీ అప్పటికే వెళ్లిపోతుంటే మీ తప్పులు మీకు ఎప్పటికీ కనిపించవు. పదేళ్లలో ఒక్కచోటన్నా నాలుగేళ్లు ఉండండి.

ఏఐ కోడు రాసేస్తోంది. ఇంక నేను నేర్చుకోవడం ఎందుకు?

రాయించుకోండి, నేనూ రాయించుకుంటాను. కాని మెర్జ్ అయిన (టీము కోడులో కలిసిన) కోడు మీ పేరు మీద ఉంటుంది. అర్ధరాత్రి అది ఆగిపోతే ఫోన్ మీకే వస్తుంది. మా టీములో ఒక్కటే నియమం పెట్టుకున్నాం: రివ్యూలో ఏ లైను మీద వేలు పెట్టి ‘ఇది ఎందుకు’ అని అడిగినా, పెట్టినవాళ్లు సొంతంగా చెప్పగలగాలి. ‘అది ఇచ్చింది’ అంటే వెనక్కి పంపుతాం. మొదటి రెండేళ్ల పిల్లలకైతే ఇంకో మాట: ముందు మీరు రాసి, తర్వాత దాని చేత రాయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తేడాలో నేర్చుకునేది చాలా ఉంటుంది.

ప్రసవం సెలవు తీసుకుని వెనక్కొచ్చేసరికి వెనకబడిపోతానని భయంగా ఉంది.

ముందు హక్కు తెలుసుకోండి. 2017లో చట్టం సవరించాక మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు. యాభై మంది అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థలో పిల్లల్ని చూసుకునే క్రెష్ ఏర్పాటు ఉండాలి. ఇవి ఎవరి దయా కాదు.

వెళ్లేముందు మీ చేతిలో ఉన్న ప్రతి పనికీ ఒక పేజీ రాసి, దాన్ని తీసుకునే మనిషితో ఒక వారం కలిసి చెయ్యండి. సెలవులో ఆఫీసు మెయిల్ తెరవొద్దు. వచ్చాక మొదటి రెండు వారాలు కొత్తగా చేరిన మనిషిలాగే చిన్న టికెట్లు అడిగి తీసుకోండి. నేను పాప పుట్టాక ఆ రెండు వారాలు తీసుకోకుండా మొదటి రోజే పెద్ద పని నెత్తికెత్తుకుని బాగా నలిగిపోయాను. ఆరు నెలల్లో మారిపోయే ఫ్రేమ్‌వర్క్ కొద్దిగానే ఉంటుంది. సిస్టం గురించి మీకు తెలిసింది ఎక్కడికీ పోదు.

## మొదటిసారి లీడ్ అయినప్పుడు

లీడ్ చేశారు. ఇంక కోడు రాయొద్దా?

రాయండి, కాని ఎవరూ మీ కోసం ఆగాల్సిన అవసరం లేని కోడు రాయండి. నేను లీడ్ అయిన కొత్తలో కష్టమైన టికెట్లన్నీ నా దగ్గరే పెట్టుకున్నాను, త్వరగా అయిపోతాయని. నా రోజంతా మీటింగుల్లో పోయేది, ఆ టికెట్లు నా దగ్గరే ఆగేవి, అయిదుగురు వాటి కోసం ఎదురుచూసేవాళ్లు. పైగా కష్టమైన పని దొరక్క ఒక మంచి ఇంజినీరు విసిగి మానేశాడు. ఇప్పుడు చిన్న బగ్గులు, టెస్టులు, ఎవరూ ఇష్టపడని సాధనాల పని నేను తీసుకుంటాను. కష్టమైనది నాకన్నా ఆలస్యంగా చేసినా సరే, ఎదగాల్సిన మనిషికి ఇస్తాను.

నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చున్న స్నేహితుడికి ఇప్పుడు పని ఎట్టా చెప్పేది?

మొదటి వారంలోనే ఆ మాట మీరే ఎత్తండి. టీ తాగుతూ ‘నాక్కూడా ఇబ్బందిగానే ఉంది. పనిలో తేడా కనిపిస్తే నేను చెప్పాల్సి వస్తుంది. నేను తప్పుగా నడుస్తుంటే నువ్వు చెప్పాలి’ అనండి. తర్వాత రెండు జాగ్రత్తలు. టీములో ఎవరి గురించీ ఆ స్నేహితుడితో విడిగా మాట్లాడొద్దు. సెలవులూ మంచి టికెట్లూ పంచేటప్పుడు అందరికీ ఒకే కొలత పెట్టండి. మిగతావాళ్లు మిమ్మల్ని గమనిస్తున్నది ఇక్కడే.

వయసులో, అనుభవంలో నాకంటే పెద్దాయన నా టీములో ఉన్నారు. ఆయనకేం చెప్పగలను?

ఆయనకి పని ఎట్టా చెయ్యాలో చెప్పొద్దు. ఏం కావాలో, ఎందుకు కావాలో, ఎప్పటికి కావాలో చెప్పి, ‘ఎట్టా చేద్దామంటారు?’ అని అడగండి. నా టీములో ఒకాయన నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. డిజైన్ మీటింగుకి ముందు రోజే ఆయనకి కాగితం పంపేదాన్ని. మీటింగులో అందరిముందూ ఆయన్ని కాదనాల్సి వచ్చేది కాదు. ఆయన పట్టుకున్న లోపాలకు అందరిముందూ ఆయన పేరే చెప్పేదాన్ని. పని ఆలస్యమైతే మాత్రం పెద్దవారని వదిలేయలేదు, విడిగా కూర్చుని అడిగాను. ఆయనా అదే కోరుకున్నారు.

వన్ ఆన్ వన్‌లో (ఒక్కొక్కరితో విడిగా కూర్చునే మీటింగులో) ఏం మాట్లాడాలి? పది నిమిషాలకే మాటలు అయిపోతున్నాయి.

టికెట్ల సంగతి మాట్లాడితే అయిపోతాయి, అది స్టాండప్‌లో తేలే విషయం. ‘అంతా బాగుందా’ అంటే ‘ఆఁ బాగుంది అక్కా’ అంటారు, అక్కడితో సరి. నేను అడిగేవి ఇట్టా ఉంటాయి: ఈ వారం మీకు చిరాకు తెప్పించింది ఏంటి? నేను చేస్తున్నదాంట్లో మానేయమని చెప్పేది ఒకటి ఉంటే ఏది? ప్రాజెక్టు గురించి నాకు ఇంకా తెలియని చెడ్డ వార్త ఏమన్నా ఉందా?

ఈ చివరి ప్రశ్నే నాకు ముఖ్యం. మొదటి రెండు నెలలు ఎవరూ ఏమీ చెప్పరు. ఒకరోజు ఒకరు భయపడుతూ ఒక ముక్క చెబుతారు. అప్పుడు మీ ముఖం ఎట్టా పెట్టారన్న దాని మీద మిగతా అంతా ఆధారపడుతుంది. కసురుకున్నారా, ఇంక ఆ తలుపు తెరుచుకోదు. ‘ముందుగా చెప్పి మంచి పని చేశావు’ అని, ఆ సాయంత్రానికి దాని గురించి ఏదో ఒకటి చేసి చూపిస్తే, రెండో మనిషి తనంతట తనే వస్తాడు. లీడ్‌గా నా పనిని కొలుచుకోవడానికి నాకు తెలిసిన కొలత ఇదొక్కటే: చెడ్డ వార్త నా దగ్గరికి ఎన్ని గంటల్లో వస్తోంది.

మా స్టాండప్ ముప్పావుగంట సాగుతోంది.

లీడ్‌కి రిపోర్టు ఇస్తున్నట్టు మాట్లాడుతుంటే అంతే. మీరు మాట్లాడకుండా రెండు వారాలు వెనక కూర్చోండి. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలవుతుంది. వాదనకొచ్చినవి ఆ ఇద్దరికే వదిలేసి మిగతావాళ్లను పంపించెయ్యండి.

## టీము నడుపుతున్నప్పుడు

ప్రాజెక్టు ఆలస్యమైంది. ఇంకో నలుగురిని ఇస్తామంటున్నారు, తీసుకోవాలా?

గడువు రెండు నెలల్లో ఉంటే వద్దనండి. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టం తయారీని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని. లెక్క చూడండి. అయిదుగురి టీములో ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 10. నలుగురు చేరి తొమ్మిదిమంది అయితే జతలు 36. కొత్తవాళ్లకు నేర్పేది కూడా ఆ పాత అయిదుగురే, అంటే ఉన్న పని కూడా ఆగుతుంది. వరి కోతకైతే పదిమంది కూలీలను అదనంగా పెడితే పొద్దుగుంకేలోపు అయిపోతుంది, ఎందుకంటే మడిలో ఒకరి కోతతో ఇంకొకరికి పని లేదు. మన పని అట్టాంటిది కాదు.

మనుషులకు బదులు పని తగ్గించమని అడగండి. ‘ఈ పన్నెండింటిలో మొదటి రోజుకి తప్పనిసరి ఏవి’ అని క్లయింట్‌తో కూర్చుంటే ఏడో ఎనిమిదో తేలతాయి.

ప్రొడక్షన్ పడిపోయింది. తప్పు ఎవరిదని క్లయింట్ అడుగుతున్నాడు. పేరు చెప్పాలా?

చెప్పొద్దు. ‘మా టీముది, టీము నాది’ అనండి.

దీనికి మన ఇంటి పక్కన జరిగిన ఉదాహరణే ఉంది. శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాకు వెళ్లేదాకా మన నెల్లూరు జిల్లాలోదే. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి పైకి లేచిన మొదటి ఎస్ఎల్‌వీ-3 రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. ఆ ప్రాజెక్టు నడిపింది అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ వెళ్లి, ఆ మాటలన్నీ తాను పడ్డాడు, తన టీము మీద నమ్మకముందని చెప్పాడు. 1980 జూలై 18న రెండోసారి రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఆ రోజు విలేకరులతో మాట్లాడమని కలాంను పంపాడు. కలాం బతికున్నన్నాళ్లూ ఎన్నో సభల్లో ఈ సంగతి చెప్పుకున్నారు. సూళ్లూరుపేట వైపు వెళ్లినప్పుడల్లా ఆ కేంద్రం బోర్డు మీద ధవన్ పేరు చూస్తే నాకు ఆ విలేకరుల సమావేశమే గుర్తొస్తుంది.

బయట పేరు చెప్పకపోవడం అంటే లోపల కారణం వెతకకపోవడం అనుకోకండి. రెండు రోజుల్లోపు టీము కూర్చుని నిమిషం నిమిషం ఏం జరిగిందో రాయాలి. ‘ఎవరు చేశారు’ అని మొదలుపెడితే అందరూ బిగుసుకుంటారు. ‘ఈ ఆదేశం ఇవ్వనిచ్చిన ఏర్పాటు ఏంటి, అలర్ట్ ఇరవై నిమిషాలు ఎందుకు ఆలస్యమైంది’ అని మొదలుపెట్టండి. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ కూలాక ఇస్రో అదే చేసింది. ఎక్కడెక్కడ చెడొచ్చో రాసుకుని, కాళ్లు గట్టిపరిచి, ఇంధనం పెంచి, దిగే చోటును విశాలం చేసి పంపితే 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది.

రాత్రుళ్లు ఆన్‌కాల్ (సిస్టం ఆగితే లేచి చూసే వంతు) అంటే టీము భయపడుతోంది. ఎట్టా వెయ్యాలి?

మా నాయనకి పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) ఉండేది. ఆకు కర్రలకు కట్టి బ్యారన్‌లో వేలాడదీసి పొయ్యి వెలిగించాక అయిదారు రోజులు మంట ఆరకూడదు, రాత్రిళ్లు ఒకరు కాపలా ఉండాలి. ఆకు పసుపు తిరిగేదాకా వేడి వంద డిగ్రీల ఫారన్‌హీట్‌కి అటూ ఇటూ ఉండాలి. తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే బిగిసిపోతుంది, పంట మీద పెట్టిన డబ్బంతా పోతుంది. నాయన టార్చిలైటు పట్టుకుని చిన్న అద్దపు కిటికీలోంచి థర్మామీటరు చూడటం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. అర్ధరాత్రి దాటాక చిన్నాన్న వచ్చేవాడు. నాయన లేచి వెళ్లేముందు ప్రతిసారీ ఇట్టాంటి మాటే చెప్పేవాడు: ‘కింద అరల ఆకు తిరిగింది, పైది ఇంకా పచ్చే. రెండు మొద్దులేశా. మూడింటికి చూడు.’

ఆన్‌కాల్‌కి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. వంతులుండాలి, రెండు రాత్రిళ్లు వరసగా ఒకరే మేలుకోకూడదు. చూడాల్సిన కొలతలు కొన్నే ఉండాలి, వాటికి హద్దు ముందే తెలిసుండాలి. నిద్ర లేపే అలర్ట్ అంటే లేచి చేయాల్సిన పని ఒకటి ఉండాలి. లేచి చూసి మళ్లీ పడుకునే అలర్ట్‌లు మూడుసార్లు వస్తే దాన్ని తీసెయ్యండి, లేదంటే నాలుగోసారి నిజమైనది వచ్చినా చూడరు. వంతు మారేటప్పుడు ఏం జరిగింది, ఏం చేశాను, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నవి రాసి ఇవ్వాలి. రాత్రి రెండింటికి లేచినవాళ్లను పొద్దున స్టాండప్‌కి రమ్మనకండి, నిద్రపోనివ్వండి. లీడ్ కూడా వంతులో ఉండాలి. నేనున్నాను.

ఒకే ఒక్కడికి అంతా తెలుసు. అతను మానేస్తే మా గతేంటి?

అతనికి రెండు వారాలు సెలవిచ్చి పంపండి. ఆ రోజుల్లో అతనికి ఫోన్ చెయ్యబోమని మీ టీము దగ్గర మాట తీసుకోండి. ఆ రెండు వారాల్లో ఎక్కడెక్కడ ఆగిపోయారో రాసుకోండి. వచ్చాక ఆ జాబితాలోని పనులు అతను చెయ్యకూడదు, పక్కన కూర్చుని చేయించాలి. అతనికి కూడా ఇది మేలే. ఆ ఒక్క మాడ్యూల్‌కి కట్టుబడిపోయి ఏళ్ల తరబడి కొత్త పని దొరకని వాళ్లు నాకు తెలుసు.

ఒకమ్మాయి పని సరిగా చేయట్లేదు. మంచి అమ్మాయి, చెప్పాలంటే మనసొప్పట్లేదు.

మీరు చెప్పకపోతే అప్రైజల్ కాగితం చెబుతుంది, అది ఇంకా నొప్పి. ఈ వారమే విడిగా కూర్చోబెట్టండి. ‘నువ్వు అశ్రద్ధగా ఉంటున్నావు’ అనొద్దు. ‘గత మూడు టికెట్లూ టెస్టులు లేకుండా వచ్చాయి, రెండు వెనక్కి వెళ్లాయి’ అని జరిగింది చెప్పండి. తర్వాత ఆగండి. ఆ మౌనం ఇబ్బందిగా ఉంటుంది, నింపకండి. నేను ఇట్టా కూర్చోబెట్టిన ఒకమ్మాయి చాలాసేపటికి, వాళ్ల నాన్నకి డయాలసిస్ అని, వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్తోందని చెప్పింది. ఆ మూడు రోజులు పని వేళలు మార్చాం. రెండు నెలల్లో మామూలైంది. కారణం నిజంగా అశ్రద్ధే అయినా సరే, ఏం మారాలి, ఎప్పటిలోగా అన్నది ఇద్దరూ కలిసి రాసుకుని, వారం వారం చూసుకోండి.

## ఊరి నుంచి పని

నెల్లూరులోనే ఉండి పని చేస్తే ఎదుగుదల ఆగిపోద్దా?

కొంత కష్టం ఉంది, లేదనను. ఆఫీసులో కాఫీ దగ్గర తేలిపోయే విషయాలు మీకు చేరవు. అందుకని రాత మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ప్రతి నిర్ణయానికీ కారణం రాయడం, ప్రతి సాయంత్రం పని ఎక్కడుందో రెండు లైన్లు పెట్టడం అలవాటైతే, ఆఫీసులో కూర్చున్నవాళ్ల కన్నా మీ పనే స్పష్టంగా కనిపిస్తుంది. మూడు నెలలకోసారి సొంత ఖర్చుతోనైనా వెళ్లి రండి. చెన్నై మూడు నాలుగు గంటల ప్రయాణం, వారం ఉండి టీముతో కలిసి భోజనం చేసి రండి. టీములో కొందరు ఆఫీసులో, కొందరు ఇళ్లలో ఉంటే కాల్‌లో అందరూ ఎవరి లాప్‌టాప్ ముందు వాళ్లే కూర్చోవాలని అడగండి. గదిలో ఆరుగురు ఒక మైకు చుట్టూ చేరితే ఇంటి నుంచి ఉన్న మనిషికి సగమే వినపడుతుంది.

‘ఇంట్లోనే ఉన్నావుగా’ అని గంటకో పని చెబుతున్నారు. ఎట్టా చెప్పేది?

తలుపు వేసి ఉంటే ఆఫీసు, తీసి ఉంటే ఇల్లు అని మొదట చెప్పాను. పనిచేయలేదు, ఎందుకంటే తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో వాళ్లకి తెలియదు. మా అత్తయ్యకి గ్యాస్ బండి వచ్చినప్పుడు తలుపు కొట్టాలో వద్దో తెలియక హాల్లో నిలబడి ఉండేవారు. అది చూసి మనసు చివుక్కుమంది. పాప కోసం తెచ్చిన మార్కాపురం పలక ఒకటి ఉంటే దాన్ని తలుపుకి తగిలించాను. పొద్దున్నే దాని మీద సుద్దతో ఆ రోజు ఏయే వేళల్లో పిలవొచ్చో రాస్తాను: 11 నుంచి 11:30, 1 నుంచి 2, 4:30. అత్యవసరమైతే ఎప్పుడైనా కొట్టొచ్చని కింద రాసి ఉంటుంది. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక అత్తయ్యే పలక తుడిచి, రేపటి వేళలు అడిగి రాస్తారు.